ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో దేవుని సన్నిధిని ఇతరులకు చూపించడం ఎలా?

సహోదరా, వందనాలు.

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా రాస్తాను. మీరు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తారు, వాక్యం చదువుతారు. అయినా మీ పక్క సీటులో కూర్చునేవారికి గానీ, అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగువారికి గానీ మీ ద్వారా దేవుడు కనిపిస్తున్నాడన్న నమ్మకం మీకు కలగడం లేదు. ఈమధ్య ఒక జూనియర్ మీద మీరు గట్టిగా అరిచినప్పుడు అతడు, "మీరు చర్చికి వెళ్తారు కదా అన్నా" అన్నాడని, ఆ మాట గుచ్చుకుందని రాశారు. మాట్లాడే వరం లేనివారు దేవుని సన్నిధిని ఎలా ప్రతిబింబించగలరని, ప్రార్థనలో ఏమీ అనిపించని రోజుల్లో అది సాధ్యమేనా అని అడిగారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. సికింద్రాబాద్‌లోని మా సంఘంలో స్త్రీల మైత్రి (మహిళల కూటమి), యౌవనస్థుల బైబిలు తరగతి, రోగుల పరామర్శ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. వేదాంత కళాశాలలో చదవలేదు కాబట్టి, వార్డులోనూ సంఘంలోనూ చూసినదాన్ని వాక్యంతో సరిచూసుకుని చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, ప్రతిబింబించాలన్న ప్రయత్నం మానేసి, ప్రతిరోజూ దేవుని ఎదుట నిలవడం మీద మనసు పెట్టండి. ఆ తరువాత డబ్బు లెక్కల్లోనూ, మీ కింద పనిచేసేవారి పట్లా ఆయన చెప్పినట్టు నడుచుకోండి. మనుషులు మనలో దేవుణ్ణి వెదికేది ముఖ్యంగా ఆ రెండు చోట్లే. మాటలు రానివారి జీవితంలో కూడా ఆయన అక్కడే కనబడతాడు.

మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖం ప్రకాశిస్తున్న సంగతి అహరోనుకు, ఇశ్రాయేలీయులకు కనిపించింది గానీ మోషేకు మాత్రం తెలియదని నిర్గమకాండము 34వ అధ్యాయం 29, 30 వచనాలు చెబుతాయి. అతడు ముఖం వెలిగించుకోవడానికి కొండ ఎక్కలేదు. దేవుడు పిలిచాడు కాబట్టి వెళ్లాడు, 40 పగళ్లు 40 రాత్రులు ఆయనతో గడిపాడు, దిగి వచ్చేటప్పుడు అతని చేతిలో ఆజ్ఞల పలకలు ఉన్నాయి. "నాలో దేవుడు కనిపిస్తున్నాడా" అని పదే పదే పరీక్షించుకునే మనిషి చూపు మెల్లగా దేవుని మీద నుంచి జారి తన మీదే నిలిచిపోతుంది. నమ్మకం కలగడం లేదని మీరు బాధపడుతున్నారు. ఆ నమ్మకం మీకు కలగవలసిన అవసరమే లేదని నా ఉద్దేశం. పేతురు, యోహానులు విద్యలేని పామరులని యూదుల మహాసభ పెద్దలు గ్రహించి, వారు యేసుతో ఉన్నవారని గుర్తుపట్టారని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. గుర్తుపట్టినవారు ఎదుటివారే, పైగా విరోధులు.

కొండమీది ప్రసంగంలోనే మన వెలుగును మనుష్యుల ఎదుట ప్రకాశింపనియ్యమని ఒక చోట, మనుష్యులకు కనబడాలని నీతికార్యాలు చేయవద్దని ఇంకొక చోట ప్రభువు చెప్పాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిదానిలో చూసినవారు పరలోకపు తండ్రిని మహిమపరుస్తారు, రెండవదానిలో చేసినవాడే మెప్పు తీసుకుంటాడు. వాట్సాప్ స్టేటస్‌లో వచనం పెట్టాలా, బల్ల మీద సిలువ పెట్టుకోవాలా అని కూడా మీరు అడిగారు. పెట్టుకుంటే తప్పు లేదు, పెట్టుకోకపోతే లోపమూ లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్ ఉండేవారు. స్పృహలేని రోగిని పక్కకు తిప్పే ముందు కూడా ఆమె చెవి దగ్గరికి వంగి, "పెద్దమ్మా, ఇప్పుడు కుడి పక్కకు తిప్పుతున్నాం, కొంచెం నొప్పి పుడుతుంది" అని చెప్పేవారు. సూది వేసే ముందు చెప్పేవారు, గొట్టం మార్చే ముందు చెప్పేవారు, ఒళ్లు తుడిచే ముందు తప్పనిసరిగా తెర లాగేవారు. రాత్రి డ్యూటీలో, చూసేవారు ఎవరూ లేని వేళ కూడా ఆమెది అదే పద్ధతి. మతం గురించి ఆమె వార్డులో ఒక్క మాట అనగా నేను వినలేదు. పాతబస్తీ నుంచి తల్లిని తీసుకొచ్చిన ఒక ముస్లిం యువకుడు మంచం పక్కనుంచి కదిలేవాడు కాదు. అతడు ఒకనాడు నాతో, "ఆ సిస్టర్ ఉన్న పూట మాత్రం నేను కిందికి పోయి టీ తాగి రాగలను" అన్నాడు. దేవుని సన్నిధి ప్రతిబింబించడమంటే ఏమిటని మా తరగతిలో ఎవరు అడిగినా నేను మొదట ఈమె గురించే చెబుతాను. స్పృహలేని ఆ ముసలమ్మను కూడా దేవుడు చూస్తున్నాడని ఆమె నిజంగా నమ్మింది కాబట్టే ఆ తెర లాగింది.

ఇక డబ్బు సంగతికి వస్తాను. ఇది మన సంఘాలలో వేదిక మీద తక్కువగా వినిపించే విషయం గనుక కొంచెం విపులంగా చెప్పాలి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులను సంవత్సరం చివరిలో ఆఫీసువారు పన్ను మినహాయింపుకు ఆధారాలు అడిగినప్పుడు, సొంత ఇంట్లో ఉంటూ బంధువు పేరిట అద్దె రసీదులు రాయించి ఇచ్చేవారిలో ప్రార్థనాపరులు కూడా ఉన్నారు. ఆ రసీదు మీద సంతకం చేసిన బంధువుకు తెలుసు, పక్కన కూర్చున్న సహోద్యోగికి తెలుసు, ఇంట్లో పెరుగుతున్న పిల్లలకూ తెలుసు. పని చేయని గంటలను టైమ్‌షీట్‌లో రాయడమూ అంతే. ఫ్లాటు కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ విలువ తగ్గించి మిగిలినది నగదుగా ఇవ్వడం హైదరాబాద్‌లో ఎంత మామూలు విషయమో మీకు తెలిసే ఉంటుంది. "అందరూ చేసేదే కదా" అన్న మాట విశ్వాసి నోట వచ్చినప్పుడు, అతని దేవునికి ఆ లావాదేవీతో సంబంధం లేదని విన్నవారు అనుకుంటారు. అలా అనుకోవడంలో వారి తప్పేమీ లేదు.

మా తరగతికి వచ్చే ఒక దంపతులు కూకట్‌పల్లి వైపు ఫ్లాటు చూసుకున్నారు. సగం దాకా నగదు అడిగేసరికి మొత్తం చెక్కు రూపంలోనే ఇస్తామన్నారు. ఆ బేరం చెడింది. తరువాత వారికి ఇంకా పెద్ద ఇల్లు దొరికిందని నేను సాక్ష్యం చెప్పలేను. దొరికింది చిన్నదే, ఆఫీసుకు దూరమే, ఆమె రోజూ ఆ ప్రయాణ బాధ పడుతూనే ఉంది. అయితే ఆ బేరం కుదర్చలేకపోయిన బ్రోకరు కొన్నాళ్ల తరువాత తన అన్నదమ్ముల ఆస్తి పంపకంలో పెద్దమనిషిగా కూర్చోమని ఆ భర్తను పిలిచాడు. ఆ బ్రోకరు చర్చికి రాలేదు, వస్తాడన్న సూచన కూడా లేదు. అయినా లెక్క సరిగ్గా చూసే మనిషి కావలసి వచ్చినప్పుడు ఒక విశ్వాసి గుర్తుకు రావడం నా దృష్టిలో చిన్న సంగతి కాదు. సువార్తలో, రక్షణ తన ఇంటికి వచ్చిన రోజు పన్నులు వసూలు చేసే జక్కయ్య మొదట మాట్లాడింది కూడా ఆస్తి సంగతే. సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు.

మీ కింద పనిచేసేవారి దగ్గరే అసలు పరీక్ష. ఒక కుటుంబం భక్తి ఎంతటిదో ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి తెలిసినంతగా పాస్టరు గారికి తెలియదు. మా సంఘంలో ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. పరామర్శకు వెళ్లినప్పుడు వారు చెప్పే మాటలు వింటే మనసు బరువెక్కుతుంది. గోడ నిండా వచనాలు ఉన్న ఇంట్లో టీ మాత్రం వేరే గ్లాసులో ఇస్తారు. జ్వరం వచ్చి రాని రోజులకు జీతం కోస్తారు. పదో తేదీ దాటినా జీతం ఇవ్వకుండా, అడిగితే "ఎక్కడికి పోతుంది" అంటారు. కూలివాని కూలి తెల్లవారే వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపిస్తుంది. బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవిని పడ్డాయని యాకోబు 5:4 చెబుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో పనివారు లిఫ్టు వాడకూడదన్న నియమం ఉంటే, అసోసియేషన్ సమావేశంలో లేచి దాన్ని తీసేయమని అడగండి. బియ్యం బస్తా మోసుకుని అయిదో అంతస్తుకు మెట్లెక్కే మనిషి తరఫున ఆ ఒక్క మాట అనడానికి ప్రసంగించే వరం అక్కరలేదు.

ఆ జూనియర్ విషయంలో నా సలహా ఇది. మీరు అరిచింది ఎవరెవరి ఎదుటనో వారి ఎదుటే క్షమాపణ చెప్పండి. గదిలోకి పిలిచి ఒంటరిగా చెబితే అవమానం అందరిలో జరిగినట్టు, పరిహారం చాటుగా జరిగినట్టు అవుతుంది. పని ఒత్తిడి గురించి వివరణ ఇవ్వకండి, "నేను అలా మాట్లాడి ఉండకూడదు, క్షమించు" అని ఆపండి. అతడు చేసిన పొరపాటు ఏదైనా ఉంటే దాన్ని ఇంకొక రోజు, నెమ్మదిగా, అతనితో మాత్రమే మాట్లాడండి. చర్చి ప్రస్తావన తెచ్చినందుకు అతని మీద మనసులో ఏదైనా ఉంటే తీసివేయండి. మీరు దేవునికి చెందినవారని అతడు గుర్తుపెట్టుకున్నాడు, దానికి తగిన ప్రవర్తన మీ నుంచి ఆశించాడు, ఆ ఆశ న్యాయమైనది.

ఇరుగుపొరుగు గురించి అడిగారు. మన నగరంలో ఒకే మెట్ల వరుసలో మూడు మతాలవారు ఉంటారు. దేవుణ్ణి ప్రతిబింబించాలనుకునేవారు ముందు ఇబ్బంది కలిగించడం మానుకోవాలి. ఆదివారం ఆరాధనకు వచ్చి ఎదురింటి గేటుకు అడ్డంగా కారు నిలపడం, గృహ కూటమికి నలుగురు వచ్చినా మైకు పెట్టడం, పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వీధిలో అర్ధరాత్రి దాటాక డప్పులతో క్యారల్స్ పాడడం, ఇవన్నీ మనం ప్రభువు కోసమే చేస్తున్నామనుకుంటాం. గేటు తెరుచుకోక బయటికి పోలేకపోయిన పెద్దాయనకు ఆ ఉదయం ప్రభువు ఎలా కనబడి ఉంటాడో ఆలోచించండి. పండుగ ప్రసాదం విషయంలో మన సంఘాల మధ్యే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. 1 కొరింథీయులు 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షి ప్రకారం నడవండి. తీసుకోలేని పక్షంలో ఆ విషయాన్ని పండుగకు ముందే, మామూలు రోజున, ప్రేమగా చెప్పి ఉంచండి. పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిన మనిషి ముఖం మీదే వద్దనడం మాత్రం చేయకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చావు జరిగిన ఇంటికి వెళ్లండి. అక్కడ ఏమీ మాట్లాడనవసరం లేదు. ఫ్రీజర్ బాక్సుకు ఫోన్ చేయడం, వచ్చినవారికి మంచినీళ్లు ఇవ్వడం, చిన్న పిల్లలను మీ ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టడం చాలు.

ఇందులో మనం ఇచ్చేవారం, వారు పుచ్చుకునేవారు అన్న తలంపు రానివ్వకండి. నా ఉద్యోగకాలంలో రంజాన్ నాటి రాత్రి డ్యూటీలు నేను తీసుకునేదాన్ని. అడగకుండానే క్రిస్మస్ నాటి డ్యూటీని నా ముస్లిం సహోద్యోగి తన పేరున వేయించుకునేది. ఆమె కూడా దేవుని స్వరూపంలో సృష్టించబడినదే గనుక, ఆమె దయలో నేను దేవుని దయనే చూశాను.

మరి నోటితో చెప్పనవసరం లేదా? ఉంది, కానీ అడిగినప్పుడు. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగే ప్రతివానికి సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని 1 పేతురు 3:15 చెబుతుంది. అడగదగిన జీవితం ముందు ఉండాలి. దోర్నకల్ అధ్యక్ష మండలంలో 1912 నుంచి 1945 వరకు బిషప్‌గా ఉన్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి కాలంలో, 1920లు, 30లలో, అనేక శూద్ర కుటుంబాలు బాప్తిస్మం పొందాయి. పక్క పేటల్లో క్రైస్తవులైన మాల, మాదిగ కుటుంబాల జీవితాల్లో వచ్చిన మార్పును కళ్లారా చూడడమే తమను కదిలించిందని వారిలో చాలామంది చెప్పారు. తాము ఊరి వెలుపల ఉంచిన మనుషుల్లో వారు దేవుణ్ణి చూశారు. ఆ పేదలకు చదువు లేదు, వేదిక లేదు, ఎవరికీ బోధించే స్థానం కూడా లేదు.

ఒక హెచ్చరిక. మీ సాయం అవసరమైన స్థితిలో ఉన్నవారికి విశ్వాసాన్ని అంటగట్టకండి. రోగి నర్సు మీద ఆధారపడి ఉంటాడు, జూనియర్ మీరు ఇచ్చే రేటింగు మీద ఆధారపడి ఉంటాడు. వారు మొహమాటానికి తల ఊపితే అది అంగీకారం కాదు. డ్యూటీలో ఉన్నంతసేపు నేను ఏ రోగితోనూ విశ్వాసం గురించి ముందుగా మాట్లాడలేదు. ఇప్పుడు పరామర్శకు వెళ్లినప్పుడు కూడా ప్రార్థన చేయవచ్చా అని అడిగి, వద్దంటే కాసేపు కూర్చుని వస్తాం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1876–78 కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలాది మందికి కూలి, తిండి చూపించాడు. ఆ సాయం సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదన్నదే కారణం. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సభల్లో తరచుగా చెబుతారు. అంతకుముందు ఆయన ఆగిన నెలల గురించి కూడా చెప్పాలని నా కోరిక.

మరొక హెచ్చరిక మీ ప్రశ్నలో లేదు గానీ, ఇది చదివే సహోదరీల కోసం రాస్తున్నాను. సాక్ష్యం పాడవుతుందని భర్త దెబ్బలను దాచుకునే స్త్రీలను నేను క్యాజువాల్టీలో చూశాను. వారిలో కొందరికి ఓర్చుకొమ్మని సలహా ఇచ్చింది సంఘంలోని పెద్దలే. దేవుని స్వభావాన్ని చూపించడానికి ఎవరూ దెబ్బలు తినవలసిన పని లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, నమ్మదగిన ఒక్క మనిషికైనా చెప్పండి.

చివరిగా, ఏమీ అనిపించని రోజుల గురించి. కోల్‌కతాలో అంతమంది అనాథలకు తల్లిగా నిలిచిన మదర్ థెరిసా దశాబ్దాల పాటు ప్రార్థనలో చీకటినే అనుభవించారని 2007లో వెలువడిన ఆమె లేఖల వల్ల లోకానికి తెలిసింది. అనుభూతి లేకపోవడం, సన్నిధి లేకపోవడం ఒకటి కాదు. కాబట్టి క్రమాన్ని విడిచిపెట్టకండి. ఉదయం ఫోను ముట్టుకోక ముందు ఒక కీర్తన గట్టిగా చదవండి. మెట్రోలో నిలబడి వెళ్లేటప్పుడు ఆ రోజు మీటింగుల్లో ఎదురయ్యేవారిని పేరు పేరునా దేవుని ఎదుట తలచుకోండి, ముఖ్యంగా మీకు గిట్టనివారిని. రాత్రి పడుకునే ముందు ఈ రోజు నా మాట వల్ల ఎవరి ముఖం చిన్నబోయిందని అడగండి. పేరు తట్టితే మరునాడే సరిచేసుకోండి, బలిపీఠం ఎదుట అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది ఇదే. పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో వంటపని చేసిన 17వ శతాబ్దపు సహోదరుడు లారెన్స్, గిన్నెల చప్పుళ్ల మధ్య కూడా ప్రార్థన వేళ ఉన్నంత ప్రశాంతంగానే దేవునితో ఉండేవాడట. అది ఒక్కరోజులో రాలేదు, ఏళ్ల తరబడి మనసును మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకోగా వచ్చింది.

ఆదివారం ప్రభురాత్రి భోజనానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. మనకేమీ అనిపించకపోయినా ఇచ్చేవాడు ఆయన గనుక అందుకుని రావచ్చు. అయితే ఈ శూన్యంతో పాటు వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, చిన్నదానికే కోపం లేదా ఏడుపు రావడం ఉంటే దాన్ని ఆత్మీయ లోపమని తీర్మానించుకోకండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో గానీ, మీకు దగ్గరలోని మానసిక వైద్యుని దగ్గర గానీ చూపించుకోండి. జూనియర్ మీద అరిచిన సంగతి రాశారు కాబట్టి ప్రత్యేకంగా అడుగుతున్నాను, రాత్రిళ్లు నిద్ర ఎలా పడుతోందో వీలైతే కింద రాయండి.